ఓడల్లో రాని నీళ్లు

ఆ రోజుల్లో నన్నెవరైనా ఏం పని చేస్తావని అడిగితే, రేట్లు అడుగుతానని చెప్పేదాన్ని. అడిగి కొనడం కాదు, ఉత్తగా అడగడం. మా అనంతపురం వైపు ఈ పని జీతం లేకుండానే అందరూ చేస్తారు. సంతలో ఈ కొసన మొదలుపెట్టి ఆ కొస దాకా ప్రతి గంప దగ్గరా ఆగి, ధర అడిగి, పెదవి విరిచి, చివరికి ఖాళీ సంచితో ఇంటికి తిరిగొచ్చే మనుషుల మధ్యే నేను పుట్టి పెరిగాను. మా మేనత్త ఆ విద్యలో ఆరితేరిన మనిషి. అందుకని, డిగ్రీలో అర్థశాస్త్రం చదివిన పిల్లకు ఊరూరా ధరలు రాసుకొచ్చే ఉద్యోగం దొరికిందంటే, ఇంట్లో సంతోషం కంటే అనుమానమే ఎక్కువ పుట్టింది. "అడిగినందుకే దుడ్లిస్తారా? కొనే పనే ల్యా?" అని మా నాయన అన్నం ముందు కూర్చున్న ప్రతిసారీ అడిగేవాడు. లేదని నేను చెప్పడం, ఆయన తల అడ్డంగా ఆడించడం, రెండూ నేను బస్సెక్కే దాకా సాగాయి.

మాది గుత్తి. పని పడింది ఉరవకొండలో. అక్కడ మేనత్త ఇల్లు ఉంది కాబట్టి తిండికీ పడకకూ ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా నీళ్లతోనే. వానలు వరసగా మొహం చాటేసిన కాలం అది. ఆ ఏడాది చెనిక్కాయ, అదే వేరుశనగ, చేలు మొలిచాయి, పూశాయి, సరిగ్గా ఊడలు నేలలోకి దిగే వేళకు వాన ఆగిపోయింది. చెట్టు పీకితే వేళ్లకు మట్టి తప్ప కాయ లేదు. ఊళ్లో బోర్లు ఒకటొకటిగా గాలి కక్కుతున్నాయి. మేనత్త ఇంట్లో స్నానం చేసిన నీళ్లు తొట్టిలోకి, తొట్టిలోవి బట్టలకు, బట్టలు ఉతికినవి వాకిట్లో చల్లడానికి పోయేవి. నేను చేరిన మొదటి ఉదయం తెలియక మొహం కడిగిన నీళ్లు పారబోస్తే, అత్త ఆ తడిసిన నేల వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. దగ్గరివాళ్లు పోతే శవాన్ని అట్లా చూస్తారు.

మా పై అధికారిని నేను రెండు మూడుసార్లకు మించి కళ్లారా చూడలేదు. ఫోన్లోనే పరిచయం. గోదావరి వైపు మనిషి. ఏం చెప్పినా "సగటున చూడమ్మా" అనేవాడు గనక నేను ఆయనకు సగటు సార్ అని పేరు పెట్టుకున్నాను (ఆయన ముందు ఎప్పుడూ అనలేదు, ఒకసారి నోరు జారితే దగ్గుతో కప్పిపుచ్చాను). పనిలో చేరిన రోజున ఆయన నాకు చెప్పిన పాఠం ఇది. లోకంలో సరుకులు రెండు రకాలు. ఒకటి, లారీ ఎక్కేవీ ఓడ ఎక్కేవీ: నూనె, పప్పు, బట్ట, సబ్బు, సెల్‌ఫోన్. వాటి ధర మీ ఊళ్లో పుట్టదు. ఎక్కడో పెద్ద బజార్లో పుట్టి ఇక్కడికి నడిచొస్తుంది. రెండోది, కదలనివి: క్షవరం, ఇంటి బాడుగ, ఆటో, డాక్టరు ఫీజు, ట్యాంకరు నీళ్లు, హోటల్లో టిఫిను. పక్క దేశంలో క్షవరం చవకని ఎవరూ తల అక్కడికి పంపించరు. వాటి ధర మీ ఊరి కష్టసుఖాలను బట్టి మీ ఊళ్లోనే పుడుతుంది. ఈ రెండింటి ధరల మార్పునూ కలిపి తూకం వేస్తే వచ్చేదే ద్రవ్యోల్బణం. "ఒకటి దిగి, ఇంకోటి ఎక్కిందనుకో, సగటు కదలదు. జనం మాత్రం మండిపోతుంటారు. అదే ఈ లెక్కలోని చమత్కారం" అని ఆయన ముగించాడు. నాకది నిజంగానే చమత్కారంగా తోచింది. అప్పటికి నేను ఆ మండేవాళ్లలో ఎవరినీ దగ్గరగా చూడలేదు.

అదే అంగడి, అదే సరుకు, అదే కొలత, ప్రతి వారం. ఇంతే పని. ఇంత సులువైన పని లోకంలో లేదనుకుంటూ మొదటి వారం సెలూన్లో అడుగు పెట్టాను. లోపల సబ్బు నురగతో ఉన్న మొగాళ్లందరూ అద్దంలోంచి నన్ను చూశారు. "ఎంతన్నా?" అన్నాను. "కటింగా, గడ్డమా?" అన్నాడు సెలూనాయన. "రెండూ" అన్నాను. కుర్చీలో ఉన్నాయన నవ్వబోయి, గొంతు మీద కత్తి ఉందని గుర్తొచ్చి ఆగిపోయాడు. సెలూనాయన మాత్రం నవ్వలేదు. "ఏ మనిషికమ్మా? పోలీసోళ్లకైతే ఉత్త దండం. కూలోళ్లకు ఒక రేటు. చెనిక్కాయ అమ్ముకొని వచ్చినోడికి ఒక రేటు. ఈ ఏడు ఆ రేటు అడిగేటోడే ల్యా" అన్నాడు. నేను ఆ మూడు రేట్లనూ సగటు చేసి రాసుకున్నాను. నా జీవితంలో నేను చేసిన మొదటి సగటు అది.

అంగళ్లలో కథ ఇంకో రకం. నేను పన్నుల ఆఫీసు మనిషినని ఎవరో పుకారు లేపారు. దాంతో ఊళ్లో ధరలన్నీ నేలకు దిగాయి. కందిపప్పు, చక్కెర, చీరలు, చెప్పులు, అన్నీ తాతల కాలం నాటి రేట్లు చెప్పడం మొదలుపెట్టారు. సగటు సార్ ఫోన్ చేసి, "అమ్మా, ఉరవకొండలో కందిపప్పు అంత చవకైతే మా ఇంటికో బస్తా వేయించు" అన్నాడు. ఆ పుకారు చల్లారాక ఇంకొకటి పుట్టింది: ఈ పిల్ల రాసే రేట్లను బట్టే కరువు సాయం వస్తుందట. మరుసటి వారం అవే అంగళ్లలో, అదే కందిపప్పు బంగారమైపోయింది. చెప్పులు కుట్టే తాత నన్ను పిలిచి మరీ, "రెండింతలు రాసుకో పాపా, నీదేం పోతాది" అన్నాడు. రెండు వారాల్లో ఒక ఊరు అంత లోతుకు దిగి అంత ఎత్తుకు లేచిన వైనం ఏ దేశపు లెక్కల్లోనూ ఉండి ఉండదు. అన్నిటినీ కొట్టేసి, మళ్లీ మొదటి నుంచి తిరిగాను. అప్పటికి ఊళ్లో నా పేరు రేట్ల పాప అని స్థిరపడిపోయింది.

నా పట్టీలో హోటలు టిఫిను కింద ఉన్నది బూబక్క కొట్టు. చెనిక్కాయ నూనె మిల్లు ఎదురుగా, రేకుల కింద, రెండు బెంచీలు. పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. బొరుగులను, అంటే మరమరాలను, నీళ్లలో తడిపి, గట్టిగా పిండి, తాలింపులో కలిపే ఈ ఉగ్గాని మా సీమలో కూలివాడికీ కలెక్టరుకూ ఒకటే రుచి. బూబక్కకు యాభై దాటి ఉంటాయి. చేయి పెద్దది, నోరు అంతకంటే పెద్దది, మనసు ఎంతో చెప్పలేను, చూపించే అలవాటు ఆమెకు లేదు. ఆమె ఇంటాయన అదే మిల్లులో హమాలీగా మూటలు మోసి మోసి నడుము విరిగి, కొట్టు వెనక ఎత్తుపీట మీద కూర్చుని ప్లేట్లు కడిగేవాడు. ఆయన మాట్లాడగా నేను చాలా కాలం వినలేదు. మూగవాడని కూడా అనుకున్నాను. తినేవాళ్లంతా మిల్లు హమాలీలే. వాళ్లకు పెద్ద ఒక మేస్త్రీ. మెడ లేని మనిషి. మూటలు కూర్చోబెట్టడానికే తల నేరుగా భుజాల మీద అతికించినట్టుండేవాడు.

ఆ కొట్లో ప్లేటు ధర నేను చేరినప్పటి నుంచీ మారలేదు. నేను రోజూ అక్కడే తింటాను కాబట్టి బజ్జీ మాత్రం మారుతోందని నా నోటికి తెలుస్తోంది. మొదట్లో ప్లేటు అంచు దాటి తోక బయటపెట్టిన బజ్జీ, రానురాను ప్లేటు మధ్యలో ఒదిగి కూర్చుంటోంది. ఆ మాట సగటు సార్‌తో అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆయన ఉత్సాహం పట్టలేక, "ధర మారకుండా కొలత తగ్గితే ధర పెరిగినట్టేనమ్మా, తూకం వెయ్" అని కొరియర్లో అరచేయంత ఎలక్ట్రానిక్ కాటా పంపించాడు. మర్నాడు పొద్దున హమాలీలందరి మధ్య కూర్చుని, సంచిలోంచి కాటా తీసి, బెంచీ మీద పెట్టి, దాని మీద బజ్జీ పెట్టాను.

బెంచీల మీద నమలడం ఆగిపోయింది. బూబక్క బాణలిలోంచి చిల్లుల గరిటె పైకెత్తి, నూనె కారుతుండగా నా వైపు చూసింది.

"ఏం పాపా, నా బజ్జీకి ముహూర్తం చూస్తాండావా?"

"తూకం అక్కా. ఆఫీసోళ్లు అడిగినారు."

"మా పెండ్లిలో నాకు పెట్టిన బంగారు గూడా ఎవురూ ఇంత నిక్కచ్చిగా తూచలేదు. తిను, సల్లారిపోతాది."

హమాలీలు నవ్వారు. కానీ నవ్వుతూనే ఒక్కొక్కడూ ప్లేటు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. నాదీ తూచు, నాదీ తూచు అని. పక్కవాడిది తన దానికంటే బరువని తేలితే గొడవ. ఒకడు మిరపకాయ తొడిమెతో సహా తూచావు, తీసేసి తూచు అన్నాడు. ఆ పొద్దు నేను ఉగ్గాని తినలేదు. బజ్జీలు తూచడంతోనే సరిపోయింది. రెండు వారాలు అట్లా తూచాక, ఏ వారానికి ఎంత తగ్గిందో నా దగ్గర కంటే ఆ హమాలీల నోటికే బాగా వచ్చేసింది.

సరిగ్గా అప్పుడే నూనె ధర దిగింది. రేవులో పామాయిలు ఓడలు దిగాయనీ, పరాయి దేశాల్లో పంట విరగపండిందనీ సగటు సార్ చెప్పాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఇక్కడ చేలన్నీ ఎండిపోయాయి, కాయ లేదు, మరి నూనె పిరమై, ధర ఎక్కి తీరాలి కదా అన్నాను. "మీ ఊళ్లో వాన పడలేదని ఓడకేం తెలుసమ్మా?" అన్నాడు ఆయన. నిజమే, ఓడకు తెలియదు. రైతు చేతిలో ఉన్న ఆ నాలుగు కాయలకూ ధర లేకుండా పోయింది. పంట పోయిన ఏడాది ధరైనా వస్తుందని ఎదురుచూసినవాళ్లు మూటలు మిల్లు ముందు దించి, రేటు విని, అక్కడే కదలకుండా కూర్చుండిపోయేవాళ్లు. కోపం తెచ్చుకుందామన్నా ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియదు.

ఒక పొద్దున మేస్త్రీ బజ్జీని రెండు వేళ్లతో పైకెత్తి పట్టుకున్నాడు. "నూనె దిగింది గదా అక్కా. దిగినప్పుడు బజ్జీ లావు గావాల. ఇదేంది, ఎండిపోతాండాది?" అన్నాడు. మిగతావాళ్లు వంత పాడారు. మేస్త్రీ నా వైపు తిరిగి, "రేట్ల పాపా, నూనె ఎంత దిగిందో సెప్పు అందరికీ" అన్నాడు. బూబక్క కూడా నన్నే చూసింది. చెప్పక తప్పలేదు. చెప్పాను.

"విన్నావా?" అన్నాడు మేస్త్రీ.

"విన్న్యా. ఇప్పుడు నీళ్లెంతో గూడా సెప్పమను."

ట్యాంకరు నీళ్లు డ్రమ్ము ధర సంవత్సరం మొదట్లో ఎంత, ఇప్పుడెంత, అదీ చెప్పాను. రెండింతలు దాటింది. బూబక్క గరిటె పక్కన పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"బొరుగులు దేంట్లో తడపాల? పిండి దేంట్లో కలపాల? నువ్వు నాకి పారేసిన ప్లేటు మా ఇంటాయన దేంట్లో కడగాల? నూనె ఓడలో వస్తాదంట. మంచిదే. నీళ్లు ఏ ఓడలో వస్తాయో సెప్పు మేస్త్రీ, బిందె ఎత్తుకోని పోయి నిలబడతా. రేటు పెంచితే మీరు రారు. అందుకే బజ్జీని సిన్నది జేసినా. మీ కడుపు కొట్టల్లని గాదు."

మేస్త్రీ ఆ బజ్జీని కొరికి నమిలాడు. తర్వాత, "మిల్లు లోపల బోరు ఇంకా పోస్తాండాది" అన్నాడు. ఆ ఒక్క మాటతో పంచాయితీ తీరిపోయింది. మర్నాటి నుంచి తినడానికొచ్చే ప్రతి హమాలీ భుజాన ఒక బిందె నీళ్లు. మూటలు మోసే భుజాలకు బిందె ఒక బరువా. కొట్టు వెనక డ్రమ్ములు నిండాయి, బజ్జీ మళ్లీ ప్లేటు అంచు దాటింది, బూబక్క నోరు కూడా పాత స్థాయికి చేరుకుంది. ఆ కరువులో నేను చూసిన కాస్త మంచి కాలం అదే. చిక్కు వచ్చి పడింది నాకొక్కదానికే.

"ప్లేటు ధర ఎంతమ్మా?" అన్నాడు ఫోన్లో సగటు సార్.

"పాతదే సార్. బజ్జీ బరువు పెరిగింది."

"భేష్. అంటే ధర తగ్గినట్టు."

"కానీ తినేవాళ్లు తలా ఒక బిందె నీళ్లు తెస్తున్నారు సార్."

"నీళ్లెందుకు తెస్తున్నారు?"

"తిన్నందుకు."

"మరి డబ్బులివ్వరా?"

"అవీ ఇస్తారు సార్."

"అయితే ధర పెరిగినట్టే కదమ్మా."

"బజ్జీ కూడా పెరిగింది కదా సార్. పైగా ఆ నీళ్లు వాళ్లవి కావు, మిల్లువి."

అటువైపు కాగితం మీద పెన్నుతో రెండుసార్లు కొట్టేసిన చప్పుడు వినిపించింది. "నువ్వు భోంచేసి, కాసేపు పడుకుని ఫోన్ చెయ్" అన్నాడు చివరికి. ఆ వారం ఆయన ఏం రాసుకున్నాడో నాకు తెలియదు. (దేశం మొత్తం ద్రవ్యోల్బణంలో ఉరవకొండ బిందెలు ఏ పక్కన పడ్డాయో అని ఇప్పటికీ అప్పుడప్పుడు ఆలోచిస్తుంటాను.)

ఆ బోరు ఎన్నాళ్లో పొయ్యలేదు. మొదట నీళ్లలో ఎర్రమట్టి వచ్చింది. బూబక్క పాత చీర మడతల్లో వడగట్టింది. తర్వాత ధార సన్నగిల్లింది. తర్వాత మోటారు గుక్కపట్టి ఏడ్చినట్టు శబ్దం చేసి ఊరుకుంది. అప్పటికే మిల్లులో ఆడించడానికి కాయలు కూడా లేవు. రేవు నుంచి ట్యాంకర్లలో నూనె తెప్పించి డబ్బాల్లో నింపి అమ్మడమే లాభమని యజమాని తేల్చుకున్నాడు. ట్యాంకరుకు గొట్టం చాలు, భుజాలు అక్కర్లేదు. బజ్జీ లావు కావాలని ఏ చవక నూనె పేరు చెప్పి వీళ్లు వాదించారో, ఆ చవక నూనే వచ్చి వీళ్ల పని పట్టుకుపోయింది. ఈ సంగతి ఎవరూ పైకి అనలేదు. మేస్త్రీ మాత్రం ఒకసారి డబ్బాల లారీని చూసి, "బాగా పిరంగా దిగినావే తల్లీ" అన్నాడు.

హమాలీలు బెంగుళూరుకు కూలికి పోవాలనుకున్నారు, బస్సు పొద్దున ఉంది. ఆ పొద్దున వాళ్లంతా పెళ్లాంబిడ్డలతో, గోతాల మూటలతో కొట్టు ముందుకొచ్చారు. ఎప్పుడూ బెంచీ మీద కూర్చోని ఆడవాళ్లు ఆ రోజు కూర్చున్నారు. బూబక్క ఎవరినీ ఏమీ అడగకుండా వడ్డించింది. బజ్జీలు ఎంతెంత ఉన్నాయో నేను తూచలేదు. కాటా తెచ్చినా బయటికి తియ్యలేకపోయాను. పిల్లలు మాత్రం సంబరంగా ఉన్నారు, బెంగుళూరులో నల్లా తిప్పితే నీళ్లొస్తాయని ఒకడు ఇంకొకడికి చెబుతున్నాడు. బస్సు వచ్చే వేళకు కొట్టు వెనక నుంచి బూబక్క ఇంటాయన గోడ పట్టుకుని లేచి వచ్చాడు. మేస్త్రీ ముందు నిలబడ్డాడు. అప్పుడు విన్నాను నేను ఆయన గొంతు.

"ఆడ సిమెంటు మూటలు ఎత్తేటప్పుడు నడుం వంచాకు. మోకాళ్లు వంచు. మనోళ్లకూ సెప్పు."

"సరే అన్నా" అన్నాడు మేస్త్రీ. ఆ మెడ లేని మనిషి ఆ రోజు తల ఎత్తడానికి చాలా కష్టపడ్డాడు.

తర్వాత కొట్టుకు వచ్చేవాళ్లం నేను, సెలూనాయన, తోచనివాళ్లు ఒకరిద్దరు. సెలూనాయన క్షవరం ధర తగ్గించాడు, అయినా తలలు లేవు. మా అత్త వీధిలో ఇళ్లకు తాళాలు పడ్డాయి, బాడుగలు దిగాయి. ఒక సోమవారం నేను వెళ్లేసరికి బూబక్క కొట్టు రేకులు కూడా విప్పేసి ఉన్నాయి. రాతి పొయ్యి మాత్రం మిగిలింది. ముందురోజే ఇద్దరూ బస్సెక్కారని సెలూనాయన చెప్పాడు. "తినేటోళ్లు యాడుంటే ఆడికి పోవాల గదా" అన్నాడు. నా పట్టీలో ఆ గడిలో ఏం రాయాలో తెలియక, కొట్టు లేదు, ధర దొరకలేదు అని రాశాను.

ఆ నెలాఖరున సగటు సార్ హుషారుగా ఫోన్ చేశాడు. "అమ్మా, మంచి వార్త. మీ ఊళ్లో ద్రవ్యోల్బణం బాగా తగ్గింది. నూనె దిగింది, బట్ట నిలకడగా ఉంది, బాడుగలు దిగాయి, క్షవరం కూడా దిగింది. నీళ్లొక్కటే ఎక్కువ. సగటున చూస్తే చాలా మెరుగు."

"మనుషులు తగ్గారు సార్" అన్నాను.

ఆయన హుషారంతా పోయిన గొంతుతో, "నాకు అర్థమవుతోందమ్మా. మనుషుల లెక్క వేరే వాళ్లు చూస్తారు. అది మన పట్టికలో పట్టదు" అన్నాడు. చెడ్డ మనిషి కాడు. ఆ తర్వాత చాలా రోజులు ఫోన్ చేసినప్పుడల్లా ముందు ధరలు అడక్కుండా, తాగడానికి నీళ్లున్నాయామ్మా అని అడిగేవాడు. నా కాంట్రాక్టు ముగిశాక నేను గుత్తికి తిరిగొచ్చి, పై చదువు చదివి, జూనియర్ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పుకుంటున్నాను. ద్రవ్యోల్బణం పాఠం వచ్చినప్పుడు లారీ ఎక్కే సరుకులనూ ఎక్కని సరుకులనూ నల్లబల్ల మీద విడివిడిగా రాస్తాను. పిల్లలు రాసుకుంటారు. పరీక్షలో బాగానే రాస్తారు.

మొన్న వేసవిలో మా అత్త కంటి ఆపరేషను కోసం బెంగుళూరు వెళ్లాం. ఆస్పత్రి వెనక వీధిలో పెద్ద అపార్టుమెంటు కడుతున్నారు. పొద్దున టీ కోసం అటు వెళ్తే, కన్నడం మధ్యలోంచి ఒక గొంతు తెలుగులో ఎవరినో ఉతుకుతోంది. ఆ గొంతును మరిచిపోవడం సాధ్యం కాదు. తోపుడు బండి మీద బాణలి, బొరుగుల గంప, పక్కన డబ్బు పంపడానికి ఫోను చూపించే అట్టముక్క. బూబక్క జుట్టు పూర్తిగా తెల్లబడింది. నన్ను రెప్ప వేయకుండా చూసింది.

"రేట్ల పాపవి గదా?"

"అవునక్కా."

"లావైనావు. కూచో."

ప్లేటు ధర మా ఊళ్లో ఉన్నదానికి ఎన్నో రెట్లు. నేను అడగలేదు, ఆమే చెప్పింది. "ఈడ మేడలు కట్టేటోళ్లకు కూలి ఎక్కువ, అందుకే నా ప్లేటుకూ ఎక్కువ ఇస్తారు. నా గది బాడుగ అంతకంటే ఎక్కింది. ఈ చేత్తో వస్తాది, ఆ చేత్తో పోతాది" అంది బజ్జీలు తిప్పుతూ. వెనక ఎత్తుపీట మీద ఎవరో కుర్రాడు ప్లేట్లు కడుగుతున్నాడు. నేను అటు చూడటం ఆమె గమనించింది.

"పోయినాడు. రొండేండ్లాయ. మన ఊర్లో మట్టి జేయాలని అడిగినాడు పోయే ముందర. ఆంబులెన్సోడు సెప్పిన రేటు విని నేనే వొద్దంటి. ఈడే పూడ్సినాము. గుంత తవ్వేటోడు గూడా ఈడ రేటే అడిగినాడు పాపా. అది యాన్నుంచీ తెప్పించుకోలేము గదా."

ఆమె ఏడవలేదు. నేనూ ఏడవలేదు, ఆమె ముందు ఏడవడం మర్యాద కాదనిపించింది. మేస్త్రీ పదమూడో అంతస్తు మీద ఉన్నాడనీ, మోకాళ్లు అరిగాయి గానీ నడుము బాగానే ఉందనీ చెప్పింది. ఇంతలో పనివాళ్లు దిగి వచ్చారు. సిమెంటు పట్టిన మొహాలు, సగం మంది మా వైపు యాసే. బూబక్క నన్ను వాళ్లకు చూపించి, "ఈ పాప మన ఉరవకొండలో రేట్లు రాసుకుంటాండె. బలే సదువుకున్నాది" అంది గర్వంగా. వాళ్లలో ఒక నూనూగు మీసాల అబ్బాయి ప్లేటు పట్టుకుని నా పక్కనే కూర్చున్నాడు.

"అయితే అక్కా, రేట్లు ఎప్పుడు తగ్గుతాయి?"

ఇరవై రెండేళ్ల నేనైతే వెంటనే మొదలుపెట్టి ఉండేదాన్ని. కదిలే సరుకులు, కదలని సరుకులు, ఓడలు, రేవులు, సగటు. ఆ అబ్బాయి బజ్జీ చల్లారే దాకా వదిలి ఉండేదాన్ని కాదు, చివర్లో అర్థమైందా అని కూడా అడిగి ఉండేదాన్ని. ఆ పిల్ల నాకు కళ్లముందు కనిపించింది, బిర్రుగా జడ వేసుకుని, అన్నీ తెలిసిన మొహంతో. ఎంత ధీమాగా ఉండేదో అనుకుంటే నవ్వు వచ్చింది, కాస్త బెంగ కూడా కలిగింది.

"తెలీదప్పా" అన్నాను.

"సరేలే" అన్నాడు వాడు, పెద్దగా నిరాశపడకుండా. ఇంకొకరు కూర్చోవడానికి ఇద్దరం కొంచెం జరిగాం.